వారానికి తొమ్మిది పూటలు: ఒక సీఏ ఇంటర్ విద్యార్థిని కేసు

ఈ కేసు రాయడానికి ఆ అమ్మాయి ఒప్పుకుంది. రాసిన తర్వాత చదివి రెండు చోట్ల సరిదిద్దింది కూడా. ఊరు, హాస్టల్, కుటుంబ వివరాలు కొన్ని మార్చాను, కొన్ని వదిలేశాను. ఇక్కడ ఆమెను సుధ అంటాను.

నేను చెన్నైలో పన్నెండేళ్లుగా కామర్స్ విద్యార్థులకు అకౌంట్స్ చెబుతున్నాను. నా దగ్గరికి వచ్చేవాళ్లలో సగం మంది నెల్లూరు, తిరుపతి, ఒంగోలు వైపు నుంచి సీఏ (చార్టర్డ్ అకౌంటెన్సీ) కోసం ఇక్కడికి వచ్చి హాస్టళ్లలో ఉండే తెలుగు పిల్లలే. ఐదేళ్లుగా పాఠంతో పాటు, ఎలా చదవాలి అన్నదాని మీద కూడా ఒక్కొక్కరితో విడిగా కూర్చుని మాట్లాడుతున్నాను. ఎన్నో కేసులుండగా దీన్నే రాయడానికి కారణం ఉంది. సుధకు నేను వేసిన మొదటి ప్లాన్ నాలుగు రోజులు కూడా నిలవలేదు. అది ఎందుకు కూలిందో అర్థమయ్యాకే మిగతాదంతా కుదిరింది.

నేపథ్యం

సుధకు అప్పుడు ఇరవై ఏళ్లు. సీఏలో మొదటి మెట్టు ఫౌండేషన్, అది మొదటిసారే పాసైంది. రెండో మెట్టు ఇంటర్, అందులో రెండు గ్రూపులు. గ్రూప్ 1 మాత్రం జనవరిలో ఒకసారి, మేలో ఒకసారి రాసి రెండుసార్లూ పోగొట్టుకుంది. గ్రూప్ 1లో మూడు పేపర్లు ఉంటాయి: అడ్వాన్స్‌డ్ అకౌంటింగ్, లా, టాక్సేషన్. ఒక్కోటి 100 మార్కులు. ప్రతి పేపర్లో కనీసం 40 రావాలి, మూడూ కలిపి సగం, అంటే 150 రావాలి. మేలో ఆమెకు వచ్చినవి 38, 41, 44. మొత్తం 123.

2024 నుంచి ఇంటర్ పరీక్షలు ఏడాదికి మూడుసార్లు జరుగుతున్నాయి: జనవరి, మే, సెప్టెంబర్. ఇళ్లలో దీన్ని మూడు అవకాశాలుగా చూస్తారు. హాస్టల్లో ఉన్న పిల్లలకు మాత్రం ఇది ఆగని గానుగ. మే ఫలితం జులైలో వస్తుంది, అప్పటికే సెప్టెంబర్ నెత్తి మీద ఉంటుంది. తప్పు ఎక్కడ జరిగిందో కూర్చుని చూసుకునే వ్యవధి దొరకదు. సుధ నా దగ్గరికి జులై రెండో వారంలో వచ్చింది. వచ్చీ రాగానే అడిగిన మొదటి ప్రశ్న: "మేడమ్, సెప్టెంబర్‌కి కట్టేయనా?"

నేను వద్దన్నాను, జనవరికి పోదామన్నాను. ఈ నిర్ణయం మీద నాకూ భయం ఉంది. ఒక అటెంప్ట్ వదిలితే ఇంట్లో ఏమంటారో తెలుసు. కానీ 123 నుంచి 150కి ఎనిమిది వారాల్లో చేరాలంటే చదివే పద్ధతి ముందే సరిగ్గా ఉండాలి. ఆమె పద్ధతే నాకు ఇంకా తెలియదు. తెలియకుండా మూడోసారి పంపితే, మూడోసారి కూడా పోతే, ఆ అమ్మాయి సీఏ అనే మాటే వదిలేస్తుందని అనిపించింది.

ఆ రోజే నిద్ర గురించి, తిండి గురించి, మనసు గురించి అడిగాను. రాత్రి ఐదు గంటల నిద్ర. తిండి బాగానే ఉంది. పరీక్ష పోయినందుకు బాధ ఉంది కానీ స్నేహితులతో మాట్లాడుతోంది, నవ్వుతోంది. ఇక్కడ వేరే సమాధానాలు వచ్చి ఉంటే చదువు ప్లాన్ పక్కన పెట్టి ముందు డాక్టర్ దగ్గరికి పంపేదాన్ని. టైమ్‌టేబుల్ గురించి అడగడానికి ముందు ఈ మాటలు అడగకుండా నేను ఏ విద్యార్థితోనూ పని మొదలుపెట్టను.

సమస్య

సుధ మాటల్లో సమస్య ఇది: "రోజుకి పద్నాలుగు గంటలు చదవాలి మేడమ్. పది కూడా చేయలేకపోతున్నా. ఫోన్ వల్లే."

ఆ పద్నాలుగు అన్న లెక్క ఒక ర్యాంకర్ ఇంటర్వ్యూ వీడియోలో విన్నది. అప్పటినుంచి గోడ మీద ఒక టైమ్‌టేబుల్ అంటించుకుంది, తెల్లవారుజామున 4 నుంచి రాత్రి 11 దాకా అరగంట అరగంటకు గళ్లు కొట్టి, రంగులు వేసి. ఉదయం ఒక గడి తప్పితే ఆ రోజంతా పోయినట్టే లెక్క. 'రేపటి నుంచి సరిగ్గా చేద్దాం' అనుకుని పడుకునేది.

నేను ఏమీ మార్చమనలేదు. ఒక వారం పాటు మామూలుగా చదువుతూ ఒక చిన్న నోట్‌బుక్‌లో మూడు విషయాలు మాత్రం రాయమన్నాను: ఎప్పుడు కూర్చున్నావు, ఎప్పుడు లేచావు, ఆ మధ్యలో పెన్ను పట్టి జవాబు చూడకుండా ఏం చేశావు. ఈ మూడోదే నాకు కావలసింది.

వారం తర్వాత లెక్క చూశాం. టేబుల్ దగ్గర కూర్చున్నది 62 గంటలు. పెన్ను పట్టి లెక్క చేసింది లేదా జవాబు రాసింది 6 గంటలు. మిగిలిన 56 గంటల్లో ఎక్కువ భాగం ఒకటిన్నర స్పీడ్‌లో లెక్చర్లు, నోట్స్ కింద రంగు గీతలు, చదివిందే మళ్లీ చదవడం, వీటి మధ్యలో ఫోన్. ఫోన్ లాక్ ఎన్నిసార్లు తీశామో ఆ లెక్క ఫోన్లోనే ఉంటుంది. అది రోజుకు సుమారు 90 సార్లు వచ్చింది.

ఆ 6 అన్న అంకె చూసి సుధ ఏడ్చింది. నాకు మాత్రం ధైర్యం వచ్చింది. 62 గంటలూ గట్టిగా చదివి 123 వచ్చుంటే నేను చేయగలిగింది ఏమీ లేదు. 6 గంటలకే 123 వచ్చాయంటే చేయడానికి చాలా ఉంది. ఆ మాటే ఆమెకు చెప్పాను.

గీతలు గీయడం, మళ్లీ మళ్లీ చదవడం ఎందుకు మోసం చేస్తాయో కూడా చెప్పాను. 2013లో జాన్ డన్‌లోస్కీ అనే మనస్తత్వవేత్త, ఆయన సహచరులు విద్యార్థులు వాడే పది చదువు పద్ధతుల మీద అంతకుముందు జరిగిన పరిశోధనలన్నీ పరిశీలించారు. గీతలు గీయడం, తిరిగి చదవడం వల్ల లాభం తక్కువని తేల్చారు. తమను తాము పరీక్షించుకోవడం, రోజుల ఎడం ఇచ్చి చదవడం అన్నిటికంటే మేలని తేల్చారు. సుధ తన సమయంలో పదో వంతు కూడా ఆ రెండిటికి ఇవ్వడం లేదు. లెక్చర్ చూస్తుంటే సార్ చేసే లెక్క అర్థమవుతూనే ఉంటుంది. అర్థం కావడం వేరు, పరీక్ష హాల్లో ఖాళీ కాగితం మీద కన్సాలిడేషన్ (మాతృ కంపెనీ, అనుబంధ కంపెనీల లెక్కలు కలిపి చూపడం) మొదలుపెట్టడం వేరు.

నా మొదటి ప్లాన్, అది కూలిన తీరు

రోజుకు ఆరు సిట్టింగులు, ఒక్కోటి గంటన్నర. ఫోన్ పొద్దున్నే వార్డెన్ దగ్గర పెట్టేయాలి, రాత్రి తీసుకోవాలి. ఇది నేను ఇచ్చింది. నాలుగో రోజు సాయంత్రానికి పూర్తిగా ఆగిపోయింది.

మొదటి కారణం నాన్న. ఆయనకు సొంత ఊళ్లో షాపు ఉంది. రోజుకు నాలుగు సార్లు ఫోన్ చేస్తారు. "ఏం తల్లా, చదవతా ఉండావా?" అంతే, రెండు నిమిషాలు కూడా మాట్లాడరు. ఫోన్ వార్డెన్ దగ్గర ఉందని తెలియక మొదటి రోజే కంగారుపడి వార్డెన్‌కు ఫోన్ చేశారు, రెండో రోజు రూమ్మేట్‌కు చేశారు. మూడో రోజు ఫోన్ ఎందుకు దాస్తున్నావని కూతురితో గొడవ.

రెండోది, క్లాసులు ఫోన్లోనే ఉన్నాయి. లెక్చర్ చూడాలంటే ఫోన్ కావాలి. ఈ చిన్న విషయం నేను అడగలేదు.

మూడోదే అసలుది. నేను కూడా ఆమె గోడ మీది టైమ్‌టేబుల్‌నే మళ్లీ రాసి ఇచ్చాను, గళ్లు కాస్త పెద్దవి, అంతే. తప్పడానికి అందులో చోటు లేదు. రెండో రోజు నాన్నతో మాట్లాడుతూ ఒక సిట్టింగ్ పోయింది. దాన్ని రాత్రికి జరిపింది. ఆలస్యంగా పడుకుంది, పొద్దున లేవలేకపోయింది, ఇంకొకటి పోయింది. నాలుగో రోజుకి అప్పు ఐదు సిట్టింగులు. ఆరు చేయాల్సిన చోట పదకొండు కనిపిస్తే ఎవరైనా పుస్తకం మూసేస్తారు.

ఆ తర్వాత ఆగస్టులో మూడు వారాలు చిన్న చిన్న ప్రయత్నాలు చేశాం.

పాతిక నిమిషాల టైమర్ పెట్టాం. పాతిక నిమిషాలు చదివి ఐదు నిమిషాలు విరామం తీసుకునే పద్ధతి చాలామందికి తెలిసిందే. లా పేపర్‌కి అది బాగానే పనిచేసింది. కంపెనీల చట్టంలో రెండు సెక్షన్లు చదివి చూడకుండా రాయడానికి పాతిక నిమిషాలు సరిపోతాయి. అడ్వాన్స్‌డ్ అకౌంటింగ్‌లో మాత్రం చెడగొట్టింది. పరీక్షలో 100 మార్కులకు 180 నిమిషాలు, అంటే 14 మార్కుల లెక్కకు పాతిక నిమిషాలు. అది వచ్చినవాళ్లకి. నేర్చుకునే దశలో ఒక కన్సాలిడేషన్ లెక్కకు నలభై, యాభై నిమిషాలు పడుతుంది. సరిగ్గా మైనారిటీ ఇంట్రెస్ట్ (అనుబంధ కంపెనీలో బయటివాళ్ల వాటా) దగ్గరికి వచ్చేసరికి గంట మోగేది. ఐదు నిమిషాలు పోయి వచ్చేసరికి చేతిలోని దారం తెగేది. ఏ పనికి ఎంత నిడివి కావాలో ఆ పనే చెబుతుంది. అన్నిటికీ ఒకే గడియారం పెట్టడం నా పొరపాటు.

లైబ్రరీ కూడా చూశాం. కొట్టూర్‌పురంలో ఉన్న అన్నా సెంటినరీ లైబ్రరీలో సొంత పుస్తకాలు తెచ్చుకుని చదువుకునే విభాగం ఉంది. పోటీ పరీక్షలకు చదివే పిల్లలతో అది ఎప్పుడూ నిండి ఉంటుంది, అయినా గుసగుస వినపడదు. అక్కడ కూర్చున్న రోజుల్లో సుధ బాగా చదివింది. కానీ హాస్టల్ నుంచి బస్సులో పోనూ రానూ గంటన్నర. ఆగస్టు ఉక్కపోతలో తిరిగి వచ్చాక సాయంత్రం ఇంకే పనీ జరగదు. రోజూ కుదరదు, వారానికి ఒకరోజైతే కుదురుతుంది అని రాసిపెట్టుకున్నాను.

నాన్నతో మాట

ఆగస్టు చివర్లో ఆయనతో స్పీకర్ పెట్టి మాట్లాడాం. ఈ కేసులో మలుపు ఇక్కడే ఉందని నా అభిప్రాయం.

రోజుకు నాలుగు కాల్స్ అంటే ఎనిమిది నిమిషాలే కదా అని ఎవరైనా అనవచ్చు. కాల్ రెండు నిమిషాలే, దాని నీడ చాలా పెద్దది. కాల్ వచ్చేముందు పది నిమిషాలు, ఇప్పుడు చేస్తారేమో అని ఎదురుచూపు. పెట్టేశాక ఇరవై నిమిషాలు, 'చదువుతున్నా' అని అబద్ధం చెప్పానే అన్న కుంగుబాటు. సోఫీ లెరాయ్ అనే పరిశోధకురాలు 2009లో చూపించింది ఇదే: ఒక పని పూర్తికాకుండా ఇంకో పనికి మళ్లితే ధ్యాస కొంత పాత పని దగ్గరే ఉండిపోతుంది, కొత్త పని సరిగ్గా సాగదు. సుధ రికార్డు నోట్‌బుక్‌లో లెక్క సగంలో ఆగిన చోట్లన్నీ చూస్తే ఇన్‌స్టాగ్రామ్ కంటే నాన్న కాల్స్ తర్వాతే ఎక్కువ. ఈ మాట ఆ తండ్రికి నొప్పి కలగకుండా చెప్పడం నాకు కష్టమైంది. ఆయన ప్రేమతో చేస్తున్న పని అది.

వారానికి పదమూడున్నర గంటలు గట్టిగా చదివిస్తాను, మిగతా సమయంలో లెక్చర్లు, తేలిక చదువు అన్నాను. ఆయనకు కోపం వచ్చింది. "రోజుకి పద్నాలుగు గంటలు చదివినా పాస్ కాలా. మీరు వారానికి పదమూడు అంటారేంది మేడమ్?"

మాటలతో ఒప్పించే ప్రయత్నం చేయలేదు. రెండు ఫోటోలు వాట్సాప్‌లో పంపాను. ఒకటి సుధ నోట్స్, నాలుగు రంగుల్లో, ముత్యాల్లాంటి అక్షరాలతో. రెండోది మే పరీక్షకి ముందు లెక్కలు చేసిన రఫ్ బుక్. అందులో ఇరవై పేజీలు కూడా నిండలేదు. కాసేపు ఏమీ మాట్లాడలేదు ఆయన. తర్వాత అన్నారు, "అంటే షాపు పద్నాలుగు గంటలు తెరిచే ఉంది, బేరం మాత్రం గంటసేపే జరిగింది అంటారు."

ఇంతకంటే బాగా నేను చెప్పలేను. అప్పటినుంచి మా ముగ్గురి మధ్య అదే మాట నడిచింది: ఇవాళ బేరం ఎంత?

కాల్స్ రెండింటికి తగ్గాయి, మధ్యాహ్నం 1:30కి ఒకటి, రాత్రి 9కి ఒకటి. అత్యవసరమైతే రూమ్మేట్ నంబర్. చదివావా అని అడగకూడదు, తిన్నావా అని అడగవచ్చు. దానికి బదులుగా ఆ వారం ఎంత గట్టిగా చదివిందో రాసుకున్న షీట్ ఫోటో సుధ ఆదివారం రాత్రి పంపాలి. ఆయనకు ఇది అలవాటు కావడానికి రెండు వారాలు పట్టింది. మధ్యలో ఒకటి రెండుసార్లు పదకొండింటికి ఫోన్ చేసి, సుధ ఎత్తకపోతే తర్వాత ఆయనే పొరపాటు అని మెసేజ్ పెట్టారు.

కుదిరిన పద్ధతి

రోజును వదిలేసి వారాన్ని లెక్కకు తీసుకున్నాం. గట్టిగా చదివే గంటన్నర సిట్టింగ్‌కి మేం 'పూట' అని పేరు పెట్టుకున్నాం. మొదటి వారం మూడే పూటలు, అదీ గంట చొప్పున. సుధకు అది అవమానంగా అనిపించింది. కానీ నాకు అప్పుడు సిలబస్ కంటే ముఖ్యమైంది ఒకటుంది. తాను అనుకున్నది తాను చేయగలదు అన్న నమ్మకం ఆ అమ్మాయికి ఏడాదిగా లేదు. మూడింటికి మూడూ చేసి ఒక వారం ముగించడం ఆమెకు కావాలి. సెప్టెంబర్ మధ్యకి ఐదు, అక్టోబర్‌లో ఏడు, ఆ నెలాఖరుకి తొమ్మిది. నిడివి కూడా అలాగే గంటన్నరకి పెరిగింది.

తొమ్మిది పూటలకి వారంలో పదకొండు చోట్లు పెట్టాం. సోమవారం నుంచి శుక్రవారం దాకా ఉదయం ఒక్కొక్కటి, మంగళ, గురువారాల్లో సాయంత్రం ఒక్కొక్కటి, శనివారం లైబ్రరీలో రెండు. బుధవారం సాయంత్రం, ఆదివారం ఉదయం ఖాళీ. ఆ ఖాళీలే ఈ ప్లాన్‌కి ప్రాణం. ఏ పూట తప్పినా దాన్ని మర్నాటికి గానీ రాత్రికి గానీ జరపకూడదు. ఖాళీ చోట్లోకే వెళ్లాలి. రెండు కంటే ఎక్కువ తప్పితే మిగిలినవి ఆ వారంతోనే పోయాయి, వచ్చే వారానికి అప్పు మోయకూడదు. ఏదీ తప్పకపోతే ఆదివారం ఉదయం నిద్రపోవచ్చు. సుధకు ఆ ఆదివారం నిద్ర మీదే ఎక్కువ ఆశ ఉండేది.

ఉదయం పూటకి చోటు ఆమే కనిపెట్టింది. రూమ్‌లో ఇద్దరు నిద్రపోతుంటారు, లైట్ వేయడం కుదరదు. హాస్టల్ మెస్ హాలు మాత్రం పొద్దున 5:45 నుంచి ఖాళీగా ఉంటుంది, లైట్లుంటాయి, పెద్ద బల్లలుంటాయి. 7:15కి టిఫిన్ ప్లేట్ల చప్పుడు మొదలవుతుంది, అదే లేవమని గంట. టైమర్ అవసరం లేకుండా పోయింది. ఫోన్ రూమ్‌లో బీరువాలో ఉంటుంది. లెక్చర్లు ఇంటి నుంచి తెచ్చిన పాత ట్యాబ్‌లో మధ్యాహ్నాలు చూస్తుంది, ఆ సమయాన్ని పూటల్లో లెక్కపెట్టం.

పూటలో ఏం చేయాలో అక్కడ కూర్చున్నాక ఆలోచించకూడదు అన్నది ఇంకో నియమం. రికార్డు చూసినప్పుడు నాకు కనిపించింది ఏమిటంటే, సుధ ఫోన్ తీసేది లెక్క మధ్యలో కాదు, ఎక్కువగా 'ఇప్పుడు ఏది చేద్దాం' అనుకునే క్షణంలో. అందుకే ఆదివారం సాయంత్రం ఇరవై నిమిషాలు కూర్చుని తొమ్మిది పూటల పని ముందే రాసుకునేది. 'అకౌంట్స్ చదవాలి' అని కాదు, ఏ మోడల్ టెస్ట్ పేపర్, ఎన్నో ప్రశ్న అని. ఉదాహరణకి ఒక మంగళవారం ఉదయం ఇలా ఉంది: "అమాల్గమేషన్, ఆర్‌టీపీ రెండో లెక్క, జవాబు చూడకుండా. తప్పులు ఎర్ర పెన్నుతో." అమాల్గమేషన్ అంటే కంపెనీల విలీనం, ఆర్‌టీపీ అంటే రివిజన్ టెస్ట్ పేపర్. ఈ పేపర్లు, మాక్ టెస్ట్ పేపర్లు పరీక్ష పెట్టే ఇన్‌స్టిట్యూటే ఉచితంగా ఇస్తుంది. పిల్లలు వాటిని చివరి వారం కోసం దాచుకుంటారు. మేం సెప్టెంబర్ నుంచే వాటితో మొదలుపెట్టాం.

పూటలో మొదటి పది నిమిషాలు క్రితం పూటలో చేసింది ఖాళీ కాగితం మీద గుర్తున్నంత రాయాలి. మొదట్లో నాలుగు వాక్యాలు వచ్చేవి. పక్కన ఇంకో కాగితం ఉంచుకోమన్నాను. మధ్యలో అమ్మకి ఫోన్ చేయాలి, హాస్టల్ ఫీజు కట్టాలి, ఫ్రెండ్ బర్త్‌డే అని ఏది గుర్తొచ్చినా లేవకుండా అందులో రాసి, ఎప్పుడు చేస్తుందో కూడా పక్కన రాయాలి. ఆ 'ఎప్పుడు' ముఖ్యం. మసికాంపో, బామైస్టర్ అనే ఇద్దరు పరిశోధకులు 2011లో చూపించారు: చేయాల్సిన పని మిగిలిపోయి ఉంటే అది మనసును లాగుతూ ఉంటుంది, దాన్ని ఎలా ఎప్పుడు చేయాలో ప్లాన్ వేసుకుంటే, పని ఇంకా చేయకపోయినా ఆ లాగుడు తగ్గుతుంది. సుధ పక్క కాగితాలు నేను దాచాను. మొదటి వారాల్లో ఒక్కో పూటకి పది, పన్నెండు వరుసలు. నవంబర్‌కి రెండో మూడో.

దీపావళికి ఊరికి వెళ్లాల్సి వచ్చింది. ఆ వారం పూటలు సున్నా అని ముందే షీట్‌లో రాశాం. పుస్తకాలు తీసుకెళ్తానంది. వద్దన్నాను. తీసుకెళ్లి చదవకుండా తిరిగి తెచ్చే పుస్తకం మనసు మీద ఎంత బరువో మా ఇంట్లో చూశాను.

వాన వారం

నవంబర్ చివర్లో రెండు రోజులు ఎడతెగని వాన. కరెంట్ పోయింది, మెస్ హాల్లో నీళ్లు వచ్చాయి. మంగళవారం రెండు పూటలు, బుధవారం ఉదయం పూట, మొత్తం మూడు పోయాయి. బుధవారం సాయంత్రానికి కరెంట్ వచ్చింది. ఖాళీ చోట్లో ఒకటి చేసింది, ఆదివారం ఇంకొకటి చేయాలి. మూడోది పోయినట్టే.

ఆమెకు మనసొప్పలేదు. గురువారం రాత్రి 10 నుంచి చేస్తానని ఫోన్ చేసింది. నియమం ఎందుకు పెట్టుకున్నామో చెప్పాను, వద్దన్నాను. అయినా చేసింది. శుక్రవారం పొద్దున ఎనిమిదింటికి లేచింది, ఆ ఉదయం పూట పోయింది. ఆ సాయంత్రం తనే ఫోన్ చేసి, "ఒకటి తెచ్చుకుందామని పోయి ఇంకొకటి పోగొట్టుకున్నా మేడమ్," అంది. నేను కోప్పడలేదు. జులైలో వార్డెన్‌కు ఫోన్ అప్పజెప్పి మొదలుపెట్టిన ప్లాన్ కూలింది కూడా ఇలాగేనని, అప్పుడు నేను కూడా దాన్ని ఆపలేదని గుర్తుచేశాను. ఆ తర్వాత పరీక్ష దాకా రాత్రికి జరిపిన పూట ఒక్కటీ లేదు.

డిసెంబర్‌లో ధనుర్మాసం వచ్చింది. పక్క వీధి గుడి మైకులో తెల్లవారకముందే తిరుప్పావై మొదలయ్యేది. పూట చెడుతుందని నేను టెన్షన్ పడి చెవుల్లో పెట్టుకునే ఇయర్‌ప్లగ్స్ కొన్నాను. సుధ వాటిని వాడలేదు. ఆ పాటకి లేచి, స్నానం చేసి, అది ఆగేసరికి మెస్ హాల్లో కూర్చునేది. అలారం కోసం ఫోన్ ముట్టుకోవాల్సిన పని కూడా పోయింది. అంతకుముందు రాత్రి తలగడ పక్కన ఫోన్ ఉండటానికి ఆమె చెప్పిన ఏకైక కారణం ఆ అలారమే.

చివరి నాలుగు వారాలు పూటలు పన్నెండుకి పెంచాం. అందులో రెండింటిని జోడీగా కలిపి పూర్తి మూడు గంటల పేపర్ రాయించాను. తొలి పేపర్ రెండు గంటలకే ఆపేసింది, చేయి నొప్పి అంది. గంటన్నర ధ్యాస నిలిచిందని మూడు గంటలు నిలుస్తుందనుకోవడం నా తప్పు అంచనా. ఈ పేపర్లు నవంబర్‌లోనే మొదలుపెట్టాల్సింది. ఇప్పుడు మిగతా విద్యార్థులకి నెల ముందే మొదలుపెడుతున్నాను.

ఫలితం

జనవరిలో గ్రూప్ 1 రాసింది. మార్చిలో ఫలితం వచ్చింది: అకౌంటింగ్ 57, లా 45, టాక్సేషన్ 52. మొత్తం 154. నాలుగు మార్కుల తేడాతో గట్టెక్కింది.

పాసైంది కాబట్టి పద్ధతి సరైనదని నేను అనను. పేపర్ ఇంకొంచెం కష్టంగా వచ్చి ఉంటే 146 వచ్చేది, పద్ధతి మాత్రం ఇదే ఉండేది. నేను చూసుకునే లెక్క వేరే ఉంది. జులైలో వారానికి 6 గంటలున్న పెన్ను పని డిసెంబర్‌లో 18కి చేరింది, టేబుల్ దగ్గర కూర్చున్న మొత్తం సమయం 62 నుంచి 45కి తగ్గింది, నిద్ర ఐదు గంటల నుంచి ఏడుకి పెరిగింది. తొమ్మిది పూటల వారాల్లో సగటున ఎనిమిది పూర్తయ్యాయి. లా పేపర్ 45 దగ్గరే ఆగడానికి కారణం కూడా షీట్లలోనే ఉంది. ఖాళీ చోట్లోకి జరిగినవి, పూర్తిగా పోయినవి ఎక్కువగా లా పూటలే. ఇష్టం లేని సబ్జెక్ట్‌నే ముందు త్యాగం చేస్తున్నామని నేను అక్టోబర్‌లోనే గమనించాల్సింది. ఇప్పుడు షీట్‌లో తప్పిన పూట పక్కన సబ్జెక్ట్ పేరు కూడా రాయిస్తున్నాను.

ఈ కేసు తర్వాత నా పనిలో మారినవి ఇంకా ఉన్నాయి. కొత్త విద్యార్థి వస్తే ఫోన్ గురించి మాట్లాడేముందు, నీకు రోజూ ఎవరెవరు ఫోన్ చేస్తారు అని అడుగుతున్నాను. ప్లాన్ ఇచ్చేముందు ఇంట్లో ఒకరితోనైనా మాట్లాడుతున్నాను. ఖాళీ చోట్లు లేని షీట్ ఎవరికీ ఇవ్వడం లేదు. అయితే ఇదే పద్ధతి ఇంట్లో ఉండి చదివేవాళ్లకి, ఆర్టికల్‌షిప్ (ఒక సీఏ దగ్గర పని నేర్చుకునే శిక్షణ) చేస్తూ రాత్రిళ్లు చదివేవాళ్లకి ఇలాగే సరిపోదు. వాళ్లకి ఉదయం మెస్ హాలు ఉండదు. వాళ్ల వారం వేరు, వాళ్ల పూటలు వేరుగా లెక్క వేయాలి.

సుధ ఇప్పుడు గ్రూప్ 2 చదువుతోంది. పోయిన నెల మెస్ హాల్లో రిపేర్లు మొదలై పొద్దున పూట తాళం వేస్తున్నారు. నాకు ఆ సంగతి రెండు వారాల తర్వాత తెలిసింది. ఆమే చెప్పింది: "మొదటి వారం ఐదే అయ్యాయి మేడమ్. రెండో వారం షీట్‌లో ఆరే రాసుకున్నా, ఆరూ అయ్యాయి. మేడ మీదికెళ్లే మెట్ల దగ్గర లైట్ ఉంది, అక్కడ కూర్చుంటున్నా." నాన్నకి కూడా ఆ ఆరు పూటల షీట్ పంపిందట. ఆయన జవాబుగా పెట్టిన మెసేజ్ నాకు చూపించింది. అందులో రెండే మాటలు: "బేరం బాగుంది."